అయిదు దగ్గర ఆగిన లెక్క

జూలై 8

చెల్లికి,

క్షేమంగా చేరాను. నువ్వు భయపడ్డట్టు నా పక్క సీటాయన దొంగా కాదు, తాగుబోతూ కాదు, పళ్ళ డాక్టరు. దారి పొడుగునా నా నోటికేసే చూస్తూ కూచున్నాడు పాపం.

మన స్కూలు వాళ్ళు బోర్డు మీద ‘అంతర్జాతీయ’ అనే మాట ముందు రాయించేసి, దాని అర్థం తెలుసుకు రమ్మని నన్ను వెనకాల పంపారు కదా. ఆ అర్థం ఇక్కడ కూడా ఎవరికీ పూర్తిగా తెలిసినట్టు లేదు. మా పీజీ క్లాసులో అందరం ప్రైమరీ టీచర్లమే, ఒక్కొక్కరిదీ ఒక్కో దేశం. కూచోడానికి ఒకటో తరగతి పిల్లల కుర్చీలు వేశారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. పిల్లల ఎత్తు నుంచి బల్ల ఎలా కనిపిస్తుందో మరిచిపోయినవాళ్ళు పాఠం చెప్పకూడదని ప్రొఫెసర్ గారి పట్టుదల.

పేర్లు నోరు తిరగక అందరికీ నేనే పేర్లు పెట్టుకున్నాను. గొడుగు టీచరుది సముద్రం అవతలి దేశం. ఎండలేదు, వానలేదు, భవనం లోపల కూడా గొడుగు వదలదు. నా పక్క కుర్చీ శాలువా టీచరుది. వాళ్ళది ఎక్కడో కొండల మధ్య లోయ. రెండేళ్ళ కిందట భూకంపంలో వాళ్ళ బడి కూలిపోయిందట. తర్వాత శిబిరాల్లోంచి పిల్లలు కొందరు కనిపించకుండా పోయారట. అంతవరకు చెప్పి శాలువా సర్దుకుంది. నేనూ తరచి అడగలేదు.

ఇంట్లో ఎలాగూ ఫోను లేదు, స్కూలు ఫోను సంగతి మరిచిపో. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, అసలు విషయం మిగిలిపోతుంది. స్కూలు అడ్రసుకే ఉత్తరాలు రాస్తాను. నా రెండో తరగతి పిల్లలు జాగ్రత్త. కింది వాటా దర్జీ అత్తయ్యకి నా జాకెట్లు తొందరేమీ లేదని చెప్పు.

నీ మోకాళ్ళ నొప్పుల అక్క

జూలై 27

అక్కా,

నీ పిల్లలు నన్ను బతకనిచ్చేలా లేరు. “మీరు నిజం టీచరా, మా టీచరు వచ్చేదాకానా?” అని మొదటిరోజే నిలదీశారు. అడిగింది ఎవరో చెప్పనక్కర్లేదు, నీ ముద్దుల వాగుడుకాయ. ఆ పిల్ల పక్కన ఎవరూ కూచోలేక చెవులు మూసుకుని పారిపోతున్నారు. అందుకే కొత్తగా చేరిన పిల్లని తీసుకెళ్ళి దాని పక్కన కూచోబెట్టాను. ఎందుకంటే ఈ పిల్లకి వినడం తప్ప వేరే పని లేదు.

చేరి నెల కావస్తోంది, ఒక్క మాట మాట్లాడలేదు. గోడవారన ముడుచుకుని కూచుంటుంది. స్టాఫ్‌రూములో అందరం గువ్వ అంటున్నాం. హాజరు పిలిస్తే పలకదు, తలైనా ఎత్తదు. అది తన పేరు కానట్టే ఉంటుంది. వాళ్ళది సముద్రం అవతలి దేశమట, పని వెతుక్కుంటూ వచ్చారట. వాళ్ళ నాన్నే మన కొత్త వ్యాను డ్రైవరు. చాలా మంచివాడక్కా. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టుకుని దింపుతాడు. మన భాష చక్కగా మాట్లాడతాడు గానీ చదవడం రాదట. నోటీసు బోర్డు ముందు నిలబడి “ఏం రాశారు మేడమ్?” అని అడుగుతాడు. వ్యాను తిరగని వేళల్లో ఆఫీసు ఫోను ఎత్తేదీ ఆయనే. వ్యాను ఎలాగూ పోస్టాఫీసు ముందునుంచే పోతుంది కాబట్టి స్కూలు ఉత్తరాలు తేవడం, వేయడం ఆయనకే అప్పగించారు. ఇది కూడా ఆయన చేతికే ఇస్తున్నాను.

గువ్వని ఏం చేయమంటావు? హెడ్‌మిస్ట్రెస్ గారు చెవుల డాక్టరుకి చూపిద్దామంటున్నారు.

చెవులు చిల్లులు పడ్డ
నీ చెల్లి

ఆగస్టు 14

ఒసేయ్ చెల్లీ,

నీ ఉత్తరం చదివి హాస్టల్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. మేం పోయిన వారం చదివిన పాఠమే నీ గువ్వ. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్ళు, ఒక్కోసారి ఏడాది దాకా, నోరు విప్పరు. అది రోగం కాదు, మొండితనమూ కాదు. లోపల మాటలు పోగవుతుంటాయి. మనం తొందరపెడితే చెదిరిపోతాయి. డాక్టరూ వద్దు, బెదిరింపూ వద్దు, బుజ్జగింపూ వద్దు. చూస్తూ ఉండు, అంతే.

ఇంకో మాట. నా పరిశోధనకి ఒక పిల్ల కావాలి. ఇక్కడి స్కూళ్ళలో అలాంటి పిల్లలకి ఒక్కొక్కళ్ళకీ పదిమంది పరిశోధకులు తగులుకుని ఉన్నారు. గువ్వని నాకివ్వు. ఎలా కూచుంటుంది, ఏం గీస్తుంది, ఎవరి వెనక నిలబడుతుంది, వేళ్ళమీద ఎలా లెక్కపెడుతుంది, అన్నీ రాయి. వేళ్ళ లెక్క ముఖ్యం. ఒక్కో దేశంలో పిల్లలు ఒక్కోలా లెక్కపెడతారట, కొందరు బొటనవేలు నుంచి, కొందరు చూపుడువేలు నుంచి. నువ్వు మాత్రం దిద్దకు, కలగజేసుకోకు. కలగజేసుకుంటే పరిశోధన చెడుతుంది.

మూడు రోజులుగా జ్వరం. ఇది మంచంమీదే రాస్తున్నాను. ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా దర్జీ అత్తయ్యకి. కషాయం సీసా పార్సిల్ చేసేస్తుంది.

జ్వరంలోనూ పాఠం చెప్పే అక్క

సెప్టెంబర్ 5

అక్కా,

జ్వరం తగ్గిందా? నువ్వు చెప్పొద్దన్నావని నోరు కుట్టేసుకున్నాను, అయినా వ్యాను డ్రైవరు గారు నిన్న “మీ అక్కయ్య గారికి జ్వరం తగ్గిందా మేడమ్?” అని అడిగారు. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఎప్పుడు వాగేశానో నాకే గుర్తులేదు. ఎంత మర్యాదస్తుడో చూడు.

ఇక నీ గువ్వ. బొమ్మలు గీయమంటే ఇల్లు గీస్తుంది, కానీ పక్కకి ఒరిగిపోయి ఉంటుంది. నేను నిలువుగా ఒక గీత గీసి చూపించబోయి, నువ్వు దిద్దొద్దన్నావని ఆగాను. సాయంత్రం వాళ్ళమ్మ గేటు దగ్గరికి వస్తుంది. అందరు తల్లులూ పిల్లల చెయ్యి పట్టుకుంటారు. ఈవిడ మణికట్టు పట్టుకుంటుంది. గువ్వ వెనక్కి చూడదు, ఏడవదు, నడుస్తుంది.

వేళ్ళ లెక్క చెబుతాను విను. కుడిచెయ్యి చాచి, చిటికెనవేలు ముందు మడుస్తుంది. తర్వాత ఉంగరంవేలు. అలా ఒక్కొక్కటీ లోపలికి మడుచుకుంటూ వచ్చి, చివరికి బొటనవేలు మూసేసరికి పిడికిలవుతుంది. ఆ పిడికిలి తీసుకెళ్ళి వాగుడుకాయ భుజం మీద ఆనిస్తుంది. అక్కడితో ఆగిపోతుంది. ఎంతసేపైనా అలాగే ఉంటుంది, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ. ఆరు రాదనుకుంటాను. గింజలు ఇచ్చినా అయిదు లెక్కపెట్టి, భుజానికి ఆనించి, ఆగుతుంది. చివరికి చెయ్యి దించుకుని గోడకేసి తిరిగిపోతుంది.

ఆరు నేర్పనా అక్కా? చూస్తుంటే ఏదోలా ఉంటోంది. నేను పరిశోధకురాలిని కాను కదా.

నీ చెల్లి

సెప్టెంబర్ 24

చెల్లికి,

జ్వరం ఎప్పుడో పోయింది. నేర్పకు. నీకు దణ్ణం పెడతాను, ఆరు జోలికి పోకు. నువ్వు రాసిన పేజీ ప్రొఫెసర్ గారికి అప్పటికప్పుడు అనువాదం చేసి వినిపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదవమన్నారు. “మీ చెల్లెలికి కళ్ళున్నాయి” అన్నారు. నీకు ఉన్న సంగతి నాకు తెలుసు, వాడకం ఇప్పుడు మొదలైంది.

ఒక చిత్రం జరిగింది. ఆ లెక్క క్లాసులో అందరిముందూ చేసి చూపించాను. గువ్వ వాళ్ళు చెప్పుకునేదీ మా గొడుగు టీచరు దేశమే కదా, ఆవిడేమో “మా దేశంలో ఇలా ఎవరూ లెక్కపెట్టరు” అంది. వాళ్ళు బొటనవేలుతో మొదలుపెట్టి వేళ్ళు విప్పుతారట. మడవడం అనేదే లేదట. “ఆ పిల్ల మా పిల్ల కాదు” అని తేల్చేసింది. బహుశా వాళ్ళ అమ్మమ్మదో నాయనమ్మదో వేరే ప్రాంతం అయి ఉంటుంది. శాలువా టీచరు స్కూళ్ళ పరిశీలనకి వేరే ఊరు వెళ్ళింది. వచ్చాక ఆవిణ్ణీ అడుగుతాను.

ఈలోగా నువ్వు వాళ్ళ నాన్నని మర్యాదగా అడుగు, ఈ లెక్క పిల్లకి ఎవరు నేర్పారో. తల్లిదండ్రుల్ని కలుపుకుపోవాలనేది మా రెండో పేపరంతా. అక్క పరిశోధనలో మీ అమ్మాయి గురించి రాస్తోంది అని చెప్పు, సంతోషిస్తారు.

కవరుకి అంత జిగురు పులుముతావేమే? పోయినసారి విప్పేసరికి సగం ఉత్తరం చిరిగింది.

గర్వంతో పొంగిపోతున్న
నీ అక్క

అక్టోబర్ 2

చెల్లీ,

ఇది దర్జీ అత్తయ్య పేరున రాస్తున్నాను. లోపలి కవరు నీకు. చదివాక స్కూలుకి తీసుకెళ్ళకు. మొన్నటి ఉత్తరంలో నేను చెప్పింది చేయకు. అడగకు. ఆ మనిషిని ఏమీ అడగకు.

శాలువా టీచరు నిన్న వచ్చింది. కుర్చీలో కూచోబెట్టి, నవ్వుతూనే, చిటికెనవేలు దగ్గర్నుంచి మడిచి పిడికిలి ఆవిడ భుజం మీద పెట్టాను. ఆవిడ నవ్వలేదు. తన చెయ్యి చాచి, చిటికెనవేలు మడిచి “ఆరు” అంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. తర్వాత తన పిడికిలి నా పిడికిలికి ఆనించి ఏడ్చేసింది. వాళ్ళ లోయలో లెక్క ఒక్కరు పెట్టరట. పిల్ల అయిదు లెక్కపెట్టి పక్కనున్న మనిషి భుజానికి ఆనిస్తుంది. మిగతా అయిదూ ఆ మనిషి చెప్పాలి. ఆ లోయ బయట ఇది ఎవరికీ తెలియదట. తప్పిపోయిన పిల్లల కోసం శిబిరాల్లో తిరిగినప్పుడు ఆవిడ ఈ లెక్కతోనే తనవాళ్ళని గుర్తుపట్టిందట.

గువ్వకి ఆరు రాకపోవడం కాదే. ఎవరైనా చెబుతారేమోనని ఆగుతోంది. మనం పరిశోధన చేస్తూ కూచున్నాం.

రాత్రి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. జ్వరం సంగతి నువ్వు ఎవరికీ చెప్పలేదు. గుర్తులేకపోవడం కాదు, నిజంగానే చెప్పలేదు. చదవడం రానివాడికి నా జ్వరం ఎలా తెలిసింది? కవరుకి జిగురు నువ్వు పులిమావా, లేక ఒకసారి విప్పినవాడు మళ్ళీ అంటించాడా? స్కూలుకి రెండుసార్లు ఫోను చేశాను. రెండుసార్లూ అతనే ఎత్తాడు. “చెల్లెలు గారికి చెప్పాల్సింది ఏమైనా ఉందా అమ్మా?” అన్నాడు, చాలా మెత్తగా. నేను ఎవరో చెప్పనేలేదు. పెట్టేశాను. హెడ్‌మిస్ట్రెస్ గారి ఇంటి నంబరు నా దగ్గర లేదు.

హెడ్‌మిస్ట్రెస్ గారిని ఇంటి దగ్గర కలువు. ఇద్దరూ కలిసి పోలీసుల దగ్గరికి వెళ్ళండి. వాళ్ళు వచ్చేదాకా పిల్లని ఏదో వంకతో నీ దగ్గరే ఉంచుకో. తను పిడికిలి పెడితే ఆరు చెప్పు. భాష ఏదైనా ఫరవాలేదట, వేళ్ళు మడిచి చెబితే చాలట. కాలిపోనీ నా పరిశోధన.

అక్క

అక్టోబర్ 8

అక్కా,

నీ పద్ధతి గెలిచింది. కానీ కథ మొదటినుంచీ చెబితేగానీ నాకు తోచదు.

మొన్న నీ ఉత్తరం వచ్చింది. డ్రైవరు గారే తెచ్చి చేతికిచ్చారు. నేను ఇంకా విప్పనే లేదు, క్లాసులోకి వెళ్ళేసరికి గువ్వ చేతులకి ఉన్ని తొడుగులు. ఈ ఎండలో. వేళ్ళు విడివిడిగా కూడా లేవు, సంచుల్లా ఉన్నాయి, మణికట్టు దగ్గర నాడాతో కట్టి ఉన్నాయి. చర్మం పొక్కిందట, గాలి తగలకూడదట, విప్పొద్దని వాళ్ళమ్మ చీటీ పంపింది. పెన్సిలు పట్టుకోలేక రోజంతా ఊరికే కూచుంది. లెక్క ఎలా పెడుతుంది? నీ పరిశోధనకి పెద్ద అడ్డే వచ్చిపడింది పాపం.

సాయంత్రం వాళ్ళ నాన్నని అడిగాను, నువ్వు అడగమన్నట్టే అక్షరం పొల్లుపోకుండా. ఆయన స్టీరింగు మొత్తం తుడిచారు. తర్వాత నవ్వి “అదొక పెద్ద కథ మేడమ్. పిల్ల తల్లి తరఫు సంగతి. శనివారం మా ఇంటికి రండి, అన్నీ చెబుతాను. అప్పటిదాకా హెడ్‌మిస్ట్రెస్ గారికి తెలియనివ్వకండి, మా పరువు సంగతి” అన్నారు. సరేనన్నాను. ఎవరి ఇళ్ళలో ఏం బాధలుంటాయో మనకేం తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. ఇవాళ బడి వదిలాక పిల్లలందరూ వ్యాను ఎక్కుతుంటే, గువ్వ వరసలోంచి తప్పుకుని నా దగ్గరికి వచ్చింది. ఇన్ని నెలల్లో మొదటిసారి, తనంత తానుగా. నేను కిందికి వంగాను. తొడుగు వేసిన చెయ్యి ఎత్తి నా భుజం మీద పెట్టింది. లోపల పిడికిలి బిగించి ఉందని తెలుస్తోంది. నా కళ్ళలోకి చూస్తూ నిలబడింది. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. నాకు కళ్ళు చెమర్చాయి. దగ్గరికి తీసుకుని, తల నిమిరి, ఎత్తుకెళ్ళి నేనే వ్యానులో కూచోబెట్టాను. తొందరపెట్టొద్దన్నావుగా, ఒక్క మాట కూడా అడగలేదు. వ్యాను కదిలేదాకా నన్నే చూస్తూ ఉంది. నమ్మకం కుదిరింది అక్కా. ఇక మాటలు వస్తాయి.

కాస్త గర్వపడుతున్న
నీ చెల్లి

అక్టోబర్ 25

అక్కా,

నేను ఎనిమిదో తారీఖున రాసిన ఉత్తరం నీకు అందలేదు. వాళ్ళింట్లో దొరికింది, కవరు విప్పి. దీంతో జత చేస్తున్నాను. నేను ఏం చేశానో నీకు తెలియాలి. నా చేత్తో అది ఇంకోసారి రాయలేను.

శుక్రవారం వ్యాను ఎప్పటిలాగే తిరిగింది. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ వాళ్ళ గుమ్మం దగ్గర దింపాడు, అందరు తల్లులకీ నమస్కారం పెట్టాడు. శనివారం రంగు పెన్సిళ్ళు కొనుక్కుని వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు దగ్గరకి వేసి ఉంది. బజారుకి వెళ్ళి ఉంటారనుకుని మెట్లమీద కూచున్నాను. మూడు ఊళ్ళు దాటిపోయేంత తీరిక ఇచ్చి, నాకు మొహం చూపించలేక తప్పుకున్నారనుకుని, నేనే బాధపడుతూ ఇంటికొచ్చాను.

సోమవారం వ్యాను రాలేదు. ఆ సాయంత్రమే దర్జీ అత్తయ్య నీ కవరు ఇచ్చింది. చదివి ఎలా పరిగెత్తానో తెలియదు. హెడ్‌మిస్ట్రెస్ గారు తలకి నూనె పెట్టుకుని ఉన్నారు, అలాగే బయల్దేరారు. పోలీసులు తలుపు తోశారు. గదులు శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి. కిటికీ గూట్లో జిగురు సీసా, మూత తీసే ఉంది. వంటింటి గోడ మీద కింద, పిల్ల చెయ్యి అందే ఎత్తులో, బొగ్గుతో గీసిన ఇళ్ళు. అన్నీ ఒరిగిపోయి ఉన్నాయి. వ్యాను బస్టాండు వెనక దొరికింది. వెనక సీటు కింద ఒక్క తొడుగు. నాడా కొరికి తెంపి ఉంది.

ఫోను ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్ గారే ఎత్తుతున్నారు కాబట్టి నీ కబురు అందింది. శాలువా టీచరు తప్పిపోయిన పిల్లల ఫొటోలు తీసుకుని వస్తోందని పోలీసులకి చెప్పాం. వెతుకుతున్నామంటున్నారు. పిల్ల పేరు అడిగారు. రిజిస్టర్లో ఉన్నది చెప్పాను, అది తన పేరు కాదని కూడా చెప్పాను. మరి అసలు పేరేమిటన్నారు. గువ్వ అన్నాను. ఆయన కలం పక్కన పెట్టి నాకేసి చూశాడు.

నిద్ర పట్టడం లేదు. భుజం మీద ఆ బరువు ఉన్నట్టే ఉంటోంది. ఒక్క ఆరు చెప్పి ఉంటే చాలు కదా అక్కా. నీ మీద కోపం ఉంది, దాచను. నా మీద ఉన్నంత లేదు.

ఇవాళ చాలా రోజుల తర్వాత లెక్కల పాఠం పెట్టాను. గింజలు పంచి పది లెక్కపెట్టమన్నాను. వాగుడుకాయ నోరెత్తకుండా కూచుంది. ఈ మధ్య అలాగే ఉంటోంది. చూస్తే చెయ్యి చాచి చిటికెనవేలు మడిచింది. ఉంగరంవేలు, నడిమివేలు, చూపుడువేలు. బొటనవేలు మూసి, పిడికిలి పక్కకి చాపింది. పక్కన ఎవరూ లేరు. చెయ్యి గాల్లో అలాగే ఉంచింది.

“తను ఇక్కడిదాకానే నేర్పింది టీచర్. తర్వాత ఏం చేయాలో చెప్పలేదు” అంది.

నేను వెళ్ళి గువ్వ కూచునే చోట కూచున్నాను. బెంచీ చాలా చిన్నది, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఆ పిడికిలి తీసి నా భుజం మీద పెట్టుకున్నాను. చిటికెనవేలు మడిచి, క్లాసంతా వినేలా, ఆరు అన్నాను.

చెల్లి